కోట గుమ్మం మీది సింహాలు: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల గచ్చు పని, అంటే సున్నపు ముద్దతో చేసిన పూతలు, బొమ్మలు మరమ్మతు చేయడం నా వృత్తి. గోల్కొండకు వచ్చినవాళ్లు బాలాహిస్సార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని విని మురిసిపోయి లోపలికి వెళ్లిపోతారు. తలెత్తి చూస్తే కమాను భుజాల మీద సింహాలు కనిపిస్తాయి. వాటి గురించి తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ముస్లిం పాలకులు జంతువుల బొమ్మలు పెట్టించరు. ఇవి ఏదో గుడి నుంచి తెచ్చినవి.

వాస్తవం: రాతిబొమ్మనైతే ఎక్కడి నుంచో తెచ్చి నిలబెట్టవచ్చు, గచ్చుబొమ్మను అలా తేలేం. సున్నం, ఇసుక కలిపి, బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి ముదరబెట్టిన ముద్దను గోడకే పట్టించి, తడి ఆరకముందే జూలూ తోకా తీర్చాలి. కమాను ఒంపులో ఒదిగిన ఆ ఒళ్లు చూస్తేనే అది ఆ గోడ మీదే పుట్టిందని తెలుస్తుంది. పైగా కుతుబ్ షాహీలు షియాలు. వారికి ప్రవక్త అల్లుడైన హజ్రత్ అలీ 'దేవుని సింహం'. ఆయనను తలచుకునే ప్రార్థన అక్షరాలనే సింహం ఆకారంలో కూర్చిన చిత్రాలు దక్కన్‌లో ఉన్నాయి. సింహం వారికి పరాయిది కానే కాదు.

అపోహ: నిజమైన సింహాన్ని చూడని శిల్పులు ఊహించి చెక్కడం వల్లే యాళి (గుళ్లలో కనిపించే, సింహాన్ని పోలిన కల్పిత జంతువు) అంత వింతగా ఉంటుంది.

వాస్తవం: 1213 నాటి రామప్ప గుడికి వెళ్లండి. అధిష్ఠానం (గుడి పీఠం) చుట్టూ సాగే ఏనుగుల వరుసలో నడకలు ఎంత సహజంగా ఉన్నాయో చూడండి. ఆ తరువాత స్తంభాల పైనున్న గజవ్యాళాలను (ఇవీ యాళిలలో ఒక రకమే) చూడండి: సింహపు ఒంటికి ఏనుగు తల. ఏనుగును అంత చక్కగా చెక్కగలిగినవారికి ఇక్కడ చేయి తిరగక ఇలా వచ్చిందంటే నేను నమ్మను. కావాలనే అలా మలిచారు.

అపోహ: సారనాథ్ సింహాలు రాజు అధికారానికి గుర్తు మాత్రమే.

వాస్తవం: ఆ నాలుగు సింహాల పైన ఒకప్పుడు పెద్ద ధర్మచక్రం ఉండేది. దాని ముక్కలు అక్కడే దొరికాయి. బుద్ధుడి బోధను సింహనాదంతో పోల్చడం బౌద్ధంలో ఉన్నదే.

అపోహ: విరిగిన గచ్చుసింహాన్ని సిమెంటుతో సరిచేస్తే గట్టిగా నిలుస్తుంది.

వాస్తవం: సిమెంటు వెనుక తేమ చిక్కుకుని, పక్కనున్న పాత సున్నం పొడిపొడిగా రాలుతుంది. సున్నానికి సున్నమే అతకాలి. ఎనామెల్ రంగు కూడా అంతే చేటు. పూత మీద పూత వేస్తే గోళ్లు, కనురెప్పలు పూడిపోయి మొహమంతా ముద్దవుతుంది. మీ ఊరి గోపురం మీది సింహానికి రంగులు వేయిస్తామని ఎవరైనా చందాకు వస్తే, ముందు పాత పూతలు జాగ్రత్తగా తీసే పనివాడిని పిలిపించమని అడగండి.