ప్రాగ్‌లో కాలికింద పేర్లు: ఒక యూదు యాత్రికుడు నడిచే నేల వెనుక కథ

2020 మే నెలలో చెక్ దేశ రాజధాని ప్రాగ్ నడిబొడ్డున ఉన్న వెన్సెస్లాస్ స్క్వేర్ దిగువ భాగంలో దారికి కొత్తగా రాళ్లు పరిచే పని జరుగుతుండగా, పెళ్లగించిన పాత రాళ్లలో కొన్నింటి అడుగువైపు నున్నగా సానపట్టి ఉండటం బయటపడింది. మట్టి తుడిచి చూస్తే హీబ్రూ అక్షరాలు, దావీదు నక్షత్రం, ఒక రాతిపై 1877 అనే సంవత్సరం కనిపించాయి. 1980లలో కమ్యూనిస్టు ప్రభుత్వం యూదుల శ్మశానాల్లోని సమాధి రాళ్లను చిన్న దిమ్మలుగా కోయించి, చెక్కిన ముఖాన్ని మట్టిలోకి తిప్పి, నగరంలో ఎంతోమంది నడిచే దారిలో పరిపించింది. ఈ సంగతి ప్రాగ్ యూదు సమాజానికి అంతకుముందే తెలుసు. ఆ రాళ్లు బయటపడితే తమకు అప్పగించాలని నగర పాలక సంస్థతో వారు ముందుగానే మాట్లాడుకుని ఉన్నారు.

ఈ వార్త ఎందుకంత నొప్పించిందో అర్థం కావాలంటే, యూదు ధర్మంలో సమాధికి ఉన్న స్థానం తెలియాలి. పాతిపెట్టిన దేహాన్ని కదిలించకూడదు. సమాధి రాయి చనిపోయినవారిదే గనుక దాన్ని బతికున్నవారు తమ అవసరానికి వాడుకోకూడదు. శ్మశానాన్ని హీబ్రూలో ‘బేత్ హయీమ్’, అంటే జీవుల ఇల్లు, అని పిలుస్తారు. అహరోను వంశానికి చెందిన యాజకులు, అంటే కోహెన్‌లు, మృతదేహం వల్ల కలిగే మైల తగలకుండా శ్మశానంలో అడుగు పెట్టరు. అందుకే ప్రాగ్‌కు వచ్చిన ఆచారవంతుడైన యూదుడికి, ఆ నగరంలో ఎవరు ఎక్కడ ఖననమయ్యారన్నది చరిత్ర మీద ఆసక్తికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. తాను ఎక్కడ కాలు మోపవచ్చు, ఎక్కడ మోపకూడదు అన్న నిత్యజీవిత ప్రశ్న. నా దృష్టిలో ప్రాగ్ యూదుల చరిత్రను చదవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

వల్తావా నది ఒడ్డున, పాత నగర కూడలికి కూతవేటు దూరంలో ఉన్న యూదు వాడను ఇప్పుడు జోసెఫోవ్ అంటారు. అక్కడి పాత శ్మశానం పదిహేనో శతాబ్దపు తొలి దశకాల్లో మొదలైంది. అందులో దొరికిన అత్యంత పాత రాయి 1439లో మరణించిన కవి, రబ్బీ (యూదు మతగురువు) అవిగ్‌దోర్ కారాది. 1389లో ఈస్టర్ పండుగ రోజుల్లో అల్లరి మూకలు వాడ మీదపడి యూదులను ఊచకోత కోసినప్పుడు బతికి బయటపడిన కారా, ఆ ఘోరం మీద రాసిన విలాప గీతాన్ని ప్రాగ్‌లో యోమ్ కిప్పుర్ ఉపవాస దినాన చదివే ఆచారం తరతరాలుగా నిలిచింది.

ఆ శ్మశానాన్ని పెంచడానికి యూదులకు స్థలం దొరకలేదు. పాత సమాధిని తవ్వడానికి ధర్మం ఒప్పుకోదు. మిగిలింది ఒక్కటే దారి: పైన మన్ను పోసి, పాత రాయిని పైకి లేపి పాతి, దాని పక్కనే కొత్తదాన్ని నిలబెట్టడం. దాదాపు మూడున్నర శతాబ్దాల పాటు అలాగే చేస్తూ పోగా కొన్ని చోట్ల సమాధులు పన్నెండు పొరల దాకా పేరుకున్నాయి. నేడు పైకి కనిపించే రాళ్లు దాదాపు 12,000. కింద ఉన్నవారు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకదాని భుజం మీద ఒకటి వాలి, ఒరిగి, కిక్కిరిసి నిలబడ్డ ఆ రాళ్లను యాత్రికులు ఎంతో అందంగా ఉన్నాయని ఫొటోలు తీసుకుంటారు. ఆ అందం చోటు లేకపోవడం నుంచి పుట్టిందని అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలియాలని నేను కోరుకుంటాను.

దగ్గరికి వెళ్లి చూస్తే రాళ్లు మాట్లాడతాయి. దీవించే భంగిమలో చాచిన రెండు చేతులు కనిపిస్తే అది కోహెన్ సమాధి. కూజా ఉంటే, యాజకులకు సేవ చేసే లేవీ వంశంలోని లేవీయుడిది. 1613లో మరణించిన చరిత్రకారుడు, ఖగోళ పండితుడు దావిద్ గాన్స్ రాతిపై బాతు బొమ్మ ఉంటుంది, ఎందుకంటే జర్మన్‌లో ఆయన ఇంటిపేరుకు పెద్దబాతు అని అర్థం. 1609లో కన్నుమూసిన మహా పండితుడు రబ్బీ లోవ్ సమాధిపై సింహం ఉంది. ఆయన పేరుకూ అదే అర్థం. మట్టితో గోలెమ్ అనే మనిషిని చేసి ప్రాణం పోశాడన్న కథ ఆయన పోయిన ఎంతో కాలానికి, పంతొమ్మిదో శతాబ్దంలో, ఆయన పేరుకు ముడిపడింది. నేడు దుకాణాల్లో అమ్మేది ఆ బొమ్మనే అయినా, సమాధి పగుళ్లలో కోరికలు రాసిన చీటీలు పెట్టి, గులకరాయి ఉంచి వెళ్లేవారిలో ఆయన రాసిన వ్యాఖ్యానాలు చదువుకున్నవారూ ఉంటారు.

బతికున్నవారికీ చోటు కరవే. 1726లో ఆ దేశాన్ని ఏలుతున్న హాబ్స్‌బర్గ్ రాజవంశపు పాలకులు, ప్రాగ్ ఉన్న బొహీమియా ప్రాంతంలో యూదు కుటుంబాల సంఖ్య 8,541 దాటకూడదని శాసించారు. ఇంటి పెద్ద కొడుక్కి మాత్రమే పెళ్లి చేసుకునే అనుమతి ఉండేది. 1744 డిసెంబరులో ఆ వంశపు రాణి మరియా తెరెసా ప్రాగ్ యూదులందరినీ వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించింది. గడ్డకట్టే చలికాలంలో కదిలిన ఆ జనం 1748లో గానీ తిరిగి రాలేకపోయారు. ఆమె కుమారుడు రెండో జోసెఫ్ ఎన్నో ఆంక్షలు సడలించాడు గనుకనే వాడకు తరువాత ఆయన పేరు పెట్టుకున్నారు. అయితే నగరం లోపల ఖననాలు జరపరాదన్నదీ ఆయన ప్రభుత్వమే. అలా 1787లో పాత శ్మశానం మూతపడింది.

అప్పటి నుంచి ప్రాగ్ యూదులు తమవారిని నగరం వెలుపల జిజ్‌కోవ్‌లో, 1680 నాటి ప్లేగు కాలంలో మొదలైన శ్మశానంలో, 1890 దాకా పాతిపెట్టారు. ధర్మశాస్త్ర ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలతో యూదు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రబ్బీ ఎహెజ్కెల్ లండౌ (మరణం 1793) సమాధి అక్కడే ఉంది. దాని గతి ఏమైందో తరువాత చెబుతాను.

యూదులు ఎక్కడైనా నివసించవచ్చన్న హక్కు వచ్చాక, చేతిలో డబ్బున్నవారు వాడ విడిచి వెళ్లిపోయారు. నిరుపేదలు, యూదులు కానివారు ఆ ఇరుకు ఇళ్లలోకి చేరారు. ఆరోగ్యం పేరిట 1893లో చేసిన చట్టంతో ఆ ఇళ్లను దాదాపు మొత్తంగా కూల్చివేశారు. వాటి స్థానంలో వచ్చిన విశాలమైన పారిజ్‌స్కా వీధిలో ఇప్పుడు ఖరీదైన దుకాణాలున్నాయి. పాత శ్మశానంలోనూ కొంత భాగం రోడ్డుకు పోగా, అక్కడి అస్థికలను మిగిలిన భాగంలోని దిబ్బ మీదికి తరలించారు. ఇళ్లు పోయి, ఆరు ప్రార్థనా మందిరాలు, యూదు పురమందిరం, శ్మశానం మాత్రమే మిగిలాయి. కూల్చిన మందిరాల్లోని వస్తువులను కాపాడాలని 1906లో చరిత్రకారుడు సాలమోన్ హ్యూగో లీబెన్ తదితరులు ప్రారంభించినదే ప్రాగ్ యూదు మ్యూజియం.

ఈ మ్యూజియం గురించి యాత్రికుల చెవిన తప్పక పడే ఒక కథను ఇక్కడ సరిదిద్దాలి. అంతరించిన జాతికి ప్రదర్శనశాల పెట్టాలని హిట్లరే ఈ వస్తువులను పోగు చేయించాడని చెబుతారు. అటువంటి ఆదేశానికి పత్రాల ఆధారం లేదు. 1941 అక్టోబరులో ప్రాగ్ నుంచి యూదులను రైళ్లలో తరలించడం మొదలయ్యాక, ఖాళీ అవుతున్న ఊళ్లలోని తోరా (యూదు ధర్మగ్రంథం) చుట్టలు, తెరలు, వెండి పాత్రలు నాశనం కాకూడదని యూదు సమాజపు ఉద్యోగులే 1942లో ప్రతిపాదన చేయగా, నాజీ అధికారులు తమ ప్రయోజనం చూసుకుని ఒప్పుకున్నారు. తమ పేరు ఏ రైలు జాబితాలో వస్తుందో తెలియని పండితులు లక్షకు పైగా వస్తువులకు ఒక్కొక్కటిగా చీటీ రాసి నమోదు చేశారు. వారిలో జోసెఫ్ పోలాక్, తోబియాస్ యాకొబోవిట్స్ వంటివారు తిరిగి రాలేదు. సేకరణ మిగిలింది; దాన్ని ఏరినవారు, వాడినవారు మిగల్లేదు. ఆ ఘనతను హంతకుడి ఆలోచనగా చెప్పడం వారికి మరోసారి చేసే అన్యాయం.

యుద్ధం ముగిశాక, 1954 నుంచి 1959 దాకా, చిత్రకారులు వాత్స్లావ్ బోష్తీక్, యిర్జీ యోన్ యూదు వాడలోని పింకాస్ ప్రార్థనా మందిరపు గోడల మీద బొహీమియా, మొరావియా ప్రాంతాల్లో హతులైన దాదాపు 78,000 మంది పేర్లను చేత్తో రాశారు. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, చివరగా ప్రాణాలతో ఉన్నట్లు తెలిసిన తేదీ, అంతే. ఒక వరుస అయిపోగానే ఖాళీ లేకుండా మరొకటి మొదలవుతుంది. సమాధి లేనివారికి ఆ గోడే సమాధి రాయి. తమ ఊరి వరుస వెతుక్కుని దాని ముందు, చనిపోయినవారి కోసం చదివే కదీష్ ప్రార్థన చదివేవారుంటారు. 1968లో, భూగర్భ జలం గోడలను తినేస్తోందన్న కారణంతో మందిరాన్ని మూసివేశారు. ఆ తరువాత కమ్యూనిస్టు పాలన పడిపోయేదాకా తెరవలేదు, పేర్లు చెరిగిపోయాయి. 1992 నుంచి 1996 వరకు వాటిని మళ్లీ మొదటి నుంచి రాయవలసి వచ్చింది.

జిజ్‌కోవ్ శ్మశానానిదీ అదే కాలపు కథ. అందులో ఎక్కువ భాగాన్ని పార్కుగా మార్చి, 1985లో అక్కడే టీవీ టవర్ కట్టడం మొదలుపెట్టారు. లండౌ సమాధి ఉన్న చిన్న ముక్క మాత్రం మిగిలింది. అక్కడికి వెళ్లే యాత్రికుడు టవర్ నీడలోనే ప్రార్థిస్తాడు. వెన్సెస్లాస్ స్క్వేర్‌లో రాళ్లు పరిచిందీ ఆ దశాబ్దంలోనే.

1950లో ప్రభుత్వపరమైన మ్యూజియం 1994లో యూదు సమాజం చేతికి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి శనివారాలు, యూదు పండుగ రోజుల్లో దానికి సెలవు. విశ్రాంతి దినాన టిక్కెట్టు అమ్మకపోవడం వల్ల నష్టం వస్తుందని తెలిసినా ఆ నియమం పెట్టుకోవడం, ఇవి కేవలం చూడదగ్గ స్థలాలు కావని చెప్పడానికి వారికున్న బలమైన మార్గం. 1270 ప్రాంతంలో కట్టిన పాత-కొత్త మందిరం ఐరోపాలో నేటికీ ప్రార్థనలు జరిగే మందిరాల్లో అన్నిటికన్నా పురాతనమైనది. పగలు అందులోకి టిక్కెట్టుతో వెళ్తారు. ప్రార్థన వేళ ప్రార్థించడానికి వచ్చినవాడు టిక్కెట్టు కొననక్కర్లేదు. ఒకే తలుపు గుండా ఒకే మనిషి ఉదయం సందర్శకుడిగా, సాయంత్రం ప్రార్థనకు కావలసిన పదిమందిలో ఒకడిగా వెళ్లగలడు.

ఆ మందిరం పేరు జర్మన్‌లో ‘ఆల్ట్‌నోయ్’. అది నిజానికి హీబ్రూ ‘అల్ తెనాయ్’, అంటే ‘షరతు మీద’, అన్న మాటేనని ఒక ఐతిహ్యం చెబుతుంది: దాని రాళ్లు యెరూషలేము దేవాలయం నుంచి వచ్చాయట, దేవాలయం మళ్లీ లేచిన రోజున తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద.

వెన్సెస్లాస్ స్క్వేర్ రాళ్లను ఏ శ్మశానానికీ తిరిగి చేర్చే వీలు లేకపోయింది. కోసిన దిమ్మలపై రెండు మూడు అక్షరాలో, ఒక అంకెలో సగమో తప్ప పూర్తి పేర్లు మిగల్లేదు. 2022లో వాటిని జిజ్‌కోవ్‌లో, పార్కుగా మారిన ఆ పాత శ్మశానంలోనే, ‘రాళ్ల పునరాగమనం’ పేరుతో స్మారకంగా అమర్చారు. ఈసారి చెక్కిన ముఖం పైకి ఉంది.