నేపుల్స్‌లో వీధి ఎవరిది?

చిరంజీవులు బుజ్జికీ, నానీకీ తాతయ్య ఆశీస్సులు.

ఈస్టర్ సెలవులకి మ్యూనిక్ నుంచి నేపుల్స్ వెళ్తున్నారట, సంతోషం. బుజ్జి ఉత్తరంలో మంచి ప్రశ్నే అడిగింది. వెళ్ళొచ్చినవాళ్ళు రాసినవి చదివితే ఒకరేమో అంత కళకళలాడే ఊరు ఐరోపాలోనే లేదంటారు, ఇంకొకరేమో మోత, చెత్త, స్కూటర్లు భరించలేక రెండోరోజే పారిపోయామంటారు, ఇద్దరూ వెళ్ళింది ఒకే ఊరికేనా తాతయ్యా, అని. ఒకే ఊరికేనమ్మా. ఒకే వీధిలో నిలబడి ఉంటారు కూడా. ఆ వీధిని ఏమనుకుని నిలబడ్డారన్న దగ్గరే తేడా వచ్చింది.

మా చిన్నప్పుడు గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు ఉండేవి. చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనక చీకటి గదులు, నడుమ ఆకాశం కనిపించే మండువా. గదులు పడుకోవడానికి, బియ్యం బస్తాలు పెట్టుకోవడానికి. మిగతా బతుకంతా మండువాలోనే. వడియాలు ఎండేదక్కడ, పిల్లలకి నలుగు పెట్టేదక్కడ, తోడికోడళ్ళు పోట్లాడుకునేదక్కడ, మేం గోళీలాడేదక్కడ. వానొస్తే నాలుగు చూరుల నుంచీ ధారలు పడేవి, వాటి కింద గంగాళాలు పెట్టేవాళ్ళు. కొత్తగా వచ్చిన చుట్టం పీట వేసుకుని అక్కడే కూర్చుంటే సాయంత్రానికల్లా ఇంటివాడైపోయేవాడు. అదేదో దారనుకుని అడ్డంగా నడిచి వడియాలు తొక్కితే తిట్లు తినేవాడు.

నేపుల్స్ పాతబస్తీలో వీధి అచ్చం ఆ మండువాయే. ‘బాస్సో’ అని అక్కడ నేలమట్టపు ఇళ్ళుంటాయి. చాలావాటికి ఒకే గది, ఒకే తలుపు, ఆ తలుపు సరాసరి వీధిలోకి. గాలీ వెలుతురూ రావలసింది అందులోంచే కాబట్టి పగలంతా తెరిచే ఉంచుతారు. లోపల మంచం, టీవీ, గోడకి దేవుడి పటం అన్నీ కనిపిస్తాయి. చోటు చాలక కుర్చీ బయటికొస్తుంది, బట్టలారేసే స్టాండు బయటికొస్తుంది, బామ్మగారు బఠాణీలు ఒలుచుకుంటూ గడపలో కూర్చుంటుంది. మీరు నడిచేది ఆవిడ వాకిట్లోంచి. కాబట్టి తలుపులోంచి తొంగి చూడకండి, ఫొటో అసలే తీయకండి. కళ్ళు కలిస్తే “బోంజోర్నో” అనండి. అంతే, మీరు పీట వేసుకున్న చుట్టాలైపోతారు.

ఇంత ఇరుకు ఎందుకంటారా? తూర్పు పడమరలుగా మూడు పొడుగాటి తిన్నని వీధులు, వాటిని కోస్తూ సన్నటి సందులు, ఈ ముగ్గు గ్రీకులు సుమారు 2500 ఏళ్ళ కిందట వేసింది. ఇవాళ్టికీ చాలావరకు అదే. ఆ మూడింట్లో నడిమిది వియా దేయి త్రిబునాలి, కిందది స్పాక్కానాపోలి. వీటికి పడమటగా స్పానిష్ క్వార్టర్స్ అనే పేట ఉంది. 16వ శతాబ్దంలో స్పెయిన్ రాజప్రతినిధి పెద్రో దె తొలేదో తన సైనికుల మకాం కోసం కట్టించాడు. అక్కడ సందులు మరీ సన్నం, ఇళ్ళు అయిదారు అంతస్తులు. కింద ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే. అందుకే బట్టలన్నీ పైన, ఎండ తగిలేచోట ఆరతాయి. ఆ తాడు పనితనం చూడండి: అటొక గిలక, ఇటొక గిలక, రెండింటి చుట్టూ తిరిగే ఒకే తాడు. కిటికీ దగ్గర నిలబడి ఒక చొక్కా తగిలించి తాడు లాగితే అది ముందుకు జరుగుతుంది, ఖాళీ వచ్చినచోట ఇంకోటి. తీసేటప్పుడు వెనక్కి లాగడమే. మెట్లు దిగలేని ముసలివాళ్ళు బాల్కనీలోంచి తాడుకట్టి బుట్ట దించుతారు, దాన్ని ‘పనారో’ అంటారు. దుకాణంవాడు రొట్టె అందులో వేస్తాడు, బుట్ట పైకి వెళ్ళిపోతుంది. ఈ మధ్య తగ్గింది కానీ పోలేదు, తలెత్తుకుని నడిస్తే కనబడొచ్చు.

నానీ, ఆ పేటలోనే గోడంత మరడోనా బొమ్మ ఉంది. ఆయన 1984లో ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు నాపోలికి వచ్చాడు, 1987లోనూ 1990లోనూ ఇటలీ లీగ్ గెలిపించాడు. ఆ బొమ్మ ముందు దండలు, కొవ్వొత్తులు చూసి నవ్వకు.

ఇక స్కూటర్లు. ఇది జాగ్రత్తగా చదవండి. సందుల్లో ఫుట్‌పాత్ ఉండదు. హారన్ వినిపిస్తే గోడవైపు ఒద్దికగా జరగండి, సంచీ కూడా గోడవైపే ఉంచుకోండి. ఆ హారన్‌కి అర్థం వస్తున్నానని చెప్పడమే, కోపం కాదు. బెజవాడ వచ్చినప్పుడు మీకిది అలవాటైనదే. పెద్ద రోడ్డు దాటేటప్పుడు అమ్మ చెయ్యో నాన్న చెయ్యో పట్టుకోండి, జీబ్రా గీతల దగ్గరే దాటండి, పచ్చలైటు వెలిగినా రెండువైపులా చూడండి. కాస్త సందు దొరికాక, వచ్చేవాడు మిమ్మల్ని చూశాడని తెలిశాక, అడుగు వేయండి. వేశాక ఒకే వేగంతో నడవండి. పరిగెత్తకూడదు, నడిమధ్యలో ఆగకూడదు, వెనక్కి అసలు తిరగకూడదు. స్కూటరువాడు మరుక్షణం మీరెక్కడుంటారో అంచనా వేసుకుని మీ వెనకనుంచి పోతాడు. మీరు ఠక్కున ఆగితే అతని లెక్క తప్పుతుంది. కొత్తవాళ్ళు భయపడి చేసే పని సరిగ్గా అదే.

చెత్త మాటా అబద్ధం కాదు. 2008లో అక్కడ వీధుల్లో గుట్టలు పేరుకుపోయిన సంగతి ప్రపంచమంతా చూసింది. ఇప్పుడంత లేదు, అలాగని మ్యూనిక్ శుభ్రం ఆశించకండి. అగ్నిపర్వతం పూడ్చేసిన పాత ఊరు పొంపేయికి వెళ్ళే చిర్కుమ్ వెసువియానా రైలు కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగలకి అది పండగ. సంచీ వీపున కాదు, పొట్టమీద.

తిండి సంగతికొద్దాం. పిజ్జా మీరు చాలాచోట్ల తిన్నారు, అయినా ఇక్కడిది ముందు పెట్టగానే బుజ్జి “ఇది మధ్యలో పచ్చిగా ఉంది, అంచు మాడింది” అంటుందని నాకు తెలుసు. చాలామంది ప్రయాణికులు రాసేదీ అదే. అది పచ్చీ కాదు, మాడటమూ కాదు. దాని పిండి కలిపే తీరు ఇది: లీటరు నీళ్ళకి 1600 నుంచి 1800 గ్రాముల పిండి, 40 నుంచి 60 గ్రాముల ఉప్పు, ఈస్టు మాత్రం మూడు గ్రాములకి మించకుండా. అంత తక్కువ ఈస్టు కాబట్టి పొంగడానికి గంటలు గంటలు పడుతుంది, కనీసం ఎనిమిది. తరవాత ముద్దని అప్పడాలకర్రతో వత్తరు, వత్తితే లోపలి గాలి చచ్చిపోతుంది. వేళ్ళతో మధ్యనుంచి అంచుకి నొక్కుతూ ఆ గాలినంతా అంచులోకి తోలతారు. మధ్యలో మందం పావు సెంటీమీటరు, అంచు మాత్రం ఉబ్బుగా, మొత్తం వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకుండా. ఇటుకల గుమ్మటం పొయ్యి, అందులో కట్టెల మంట, 430 డిగ్రీల పైన వేడి. నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అంత తొందరగా కాలడంవల్ల అంచుమీద నల్లటి చుక్కలు పడతాయి, మధ్యలో టమాటా తడి ఆరకముందే పిజ్జా బయటికొచ్చేస్తుంది. మీ ఇంటి ఓవెన్ 250 దాకానే వెళ్తుంది కదా, అందులో ఆరేడు నిమిషాలు పెట్టాలి. ఆలోపు తడంతా ఆరి బిస్కెట్టవుతుంది. తప్పు అమ్మది కాదు.

ఒళ్ళు బద్ధకమైతే కూర్చుని కత్తీ ఫోర్కుతో తినండి. వీధిలో అయితే నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. మొన కిందికి వంచితే నూనె చొక్కామీదికి కారుతుంది, అందుకని మొన కాస్త పైకెత్తి పట్టుకోవాలి. అమ్మమ్మ కూడా వస్తోంది కాబట్టి ఒక మాట: మారినారా అనే పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, నూనె తప్ప ఏమీ ఉండవు, చీజు కూడా. పేరులో సముద్రం ఉన్నా చేపలుండవు, కంగారుపడొద్దని చెప్పండి. కానీ తరాల్లి అని మిరియాలు, బాదంపప్పు వేసి చేసే కరకరలాడే చుట్టలు కనిపిస్తాయి, చూడ్డానికి అచ్చమైన శాకాహారం. పిండిలో కలిపేది తరచు పంది కొవ్వు. ‘సుఞ్ఞా’ ఉందా అని అడిగి కొనమనండి. ఈస్టర్ రొట్టె కసాతియెల్లోలోనూ అంతే.

ఆ రోజుల్లో తప్పక తినవలసింది పస్తియేరా. ఉడికించిన గోధుమలు పాలలో మళ్ళీ ఉడికించి, రికోత్తా అనే మెత్తటి చీజు, చక్కెర, గుడ్లు, నారింజపువ్వుల నీళ్ళు కలిపి, పిండి తట్టలో పోసి, పైన పట్టీలు అల్లి కాలుస్తారు. గురు, శుక్రవారాల్లో చేసి ఆదివారం తింటారు. చేసిన రోజు రుచి కుదరదు, గోధుమగింజ ఆ వాసన పీల్చుకోవడానికి రెండ్రోజులు పడుతుంది. దీని తట్టలోనూ ఒక్కోచోట ఆ కొవ్వు పడుతుంది, అమ్మమ్మ అడగాల్సిందే. అన్నట్టు, టమాటా ఈ ఊరిది కాదు, మిరపకాయ మనదీ కాదు. రెండూ అమెరికా ఖండం నుంచి గత అయిదు వందల ఏళ్ళలో వచ్చినవే. టమాటా లేని నేపుల్స్, మిరపకాయ లేని గుంటూరు ఎలా ఉండేవో కాసేపు ఊహించండి.

నాన్నకి కాఫీ పిచ్చి కదా. చాలాచోట్ల ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, చీటీ తీసుకెళ్ళి కౌంటరుమీద పెట్టాలి. తోడుగా చిన్న గ్లాసు నీళ్ళిస్తారు, అవి ముందు తాగాలి. కాఫీ రెండు గుక్కలే, నిలబడే తాగేస్తారు. కూర్చుంటే ఎక్కువ పడుతుంది. అక్కడ ‘కఫే సోస్పేసో’ అని ఒక ఆచారముంది: ఒకటి తాగి రెండింటికి కట్టిపోతారు. ఆ రెండోది, తరవాత ఎప్పుడో డబ్బుల్లేనివాడు వచ్చి అడిగితే అతనికి. ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడి మొహం తెలీదు, పుచ్చుకున్నవాడికీ అంతే. మీ చేత ఒకటి కట్టించమని నాన్నకి చెప్పండి, మీ పాకెట్ మనీలోంచే.

మండువా అన్నాక నుయ్యి ఉండాలిగా! ఉంది, ఊరంత నుయ్యి. నేపుల్స్ ఇళ్ళు కట్టిన పసుపుపచ్చని టఫ్ రాయి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి అయినది. దాన్ని ఊరికిందే తవ్వి తీశారు. పైన ఎన్ని ఇళ్ళో, కింద అన్ని గుహలు. ఆ గుహల్లోకి కాలవలతో నీళ్ళు నింపి, ఇళ్ళలోంచి బొక్కెనలతో తోడుకున్నారు. సాన్ గాయెతానో కూడలి దగ్గర నాపోలి సొత్తెర్రానెయా అనే ఈ గుహల్లోకి టిక్కెట్టు కొని దిగితే సుమారు 40 మీటర్ల లోతుకి వెళ్తారు. స్వెట్టర్ ఉంచుకోండి. ఒకచోట పక్కకి తిరిగితేగాని దూరలేనంత సన్నటి దారుంటుంది, ఇరుకంటే భయమున్నవాళ్ళు దాన్ని వదిలేయొచ్చు. నూతిగోడల్లో ఎదురెదురుగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి ‘పొత్సారీ’ అనే నూతిపనివాళ్ళు అరికాళ్ళు ఆనించుకుని ఎక్కి దిగిన మెట్లు. 1884లో కలరా వచ్చి వేలమంది పోయారు, మరుసటి ఏడాది సెరీనో నుంచి కొత్త నీటిగొట్టాలు వచ్చాక ఈ నుయ్యి మూతబడింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడుతుంటే జనం ఈ గుహల్లోనే తలదాచుకున్నారు.

మండువాకి పెరటి పొయ్యి వెసూవియస్ అందామనుకున్నాను కానీ ఇక్కడ నా పోలిక కుదరడంలేదు. 1281 మీటర్ల ఆ కొండ క్రీ.శ. 79లో పొంపేయిని పూడ్చేసింది, చివరిసారి 1944లో కక్కింది. అలాంటి పొయ్యిని పెరట్లో ఎవరుంచుకుంటారు? ఉంచుకున్నారు మరి, ఆ బూడిదనేల టమాటాలకీ ద్రాక్షకీ బంగారం. 1841 నుంచి దానికి కాపలాగా ఒక పరిశోధనాలయం ఉంది.

పొంపేయిలో 1938లో మనదేశపు దంతపు బొమ్మ ఒకటి దొరికింది. జానెడు పైచిలుకు స్త్రీమూర్తి. దాన్ని పోలినవి శాతవాహనులు ఏలిన, ఇప్పటి మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. ఇప్పుడది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో, పిల్లల్ని ఒంటరిగా పోనివ్వని గదిలో ఉంది. అమ్మని చూసొచ్చి చెప్పమనండి. మంగళవారం మ్యూజియం మూత. ఆలోగా మీరు అగ్నిపర్వతం నల్లటి బొగ్గు చేసిన రొట్టె చూడండి, ముక్కలుగా తుంపుకోవడానికి పెట్టిన గాట్లు కూడా చెదరలేదు.

ఒక పూట మిగిలితే మెట్రో 2వ లైనెక్కి చిట్టచివరి స్టేషను పొత్సువోలిలో దిగండి. ఓడరేవు వైపు నడిస్తే ఒక పల్లపు తోటలాంటి చోట రోమన్ల నాటి సంత శిథిలాలున్నాయి, కటకటాల బయటినుంచే కనిపిస్తాయి. మూడు ఎత్తైన పాలరాతి స్తంభాలు. వాటి నడుముచుట్టూ, మనిషికి రెండు మూడు నిలువుల ఎత్తున, రాయంతా తూట్లు. ఆ తూట్లు పెట్టింది సముద్రంలో బతికే గుల్లపురుగు. అంత ఎత్తుకి సముద్రం ఎలా ఎక్కిందని అడుగుతారు. సముద్రం ఎక్కలేదు, నేల దిగింది, మళ్ళీ లేచింది. 1982, 84ల మధ్యే ఆ ఊరు దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. ఎందుకలా ఊపిరి తీసినట్టు లేచి పడుతుందో ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు. కటకటాల దగ్గర నిలబడి, తూట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో నానీ బొమ్మ గీయాలి, పక్కన మనిషి ఎత్తు గుర్తు పెట్టాలి, బుజ్జి ఆ కాగితం నాకు పంపాలి.

మీ తాతయ్య