అతుకుల బొంత మీద హక్కు ఎవరిది? గీస్ బెండ్ వివాదం వెనుక రెండు వందల ఏళ్లు

2024 ఆరంభంలో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో కొన్ని దుస్తులు, ఇంటి సామాన్లు అమ్మకానికి వచ్చాయి. వాటిమీది డిజైన్లకు మూలం అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే చిన్న పల్లెలో నల్లజాతి మహిళలు చేత్తో కుట్టిన బొంతలు. ఆ డిజైన్లకు అమ్మకాల మీద వాటా ఇవ్వలేదనీ, ఒకేసారి చెల్లించే నిర్ణీత మొత్తమే కుట్టినవారికి ముట్టిందనీ పత్రికల్లో వచ్చాక, ఆ ఊరిని పాతికేళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. చేతిపనికి ఊరంతా వారసులే అయినప్పుడు, ఆ పని తెచ్చే సొమ్ము ఎవరికి చెందాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందుగా ఆ ఊరి భూమి సంగతీ, అప్పుల సంగతీ తెలుసుకోవాలి.

గీస్ బెండ్ విల్‌కాక్స్ కౌంటీలో (మన జిల్లా వంటిది), అలబామా నది మెలిక తిరిగిన చోట, మూడు వైపులా నీటి మధ్య ఉంటుంది. దీనికి బోయ్‌కిన్ అనే అధికారిక పేరు కూడా ఉంది. 1816లో నార్త్ కరోలినా నుంచి వచ్చిన జోసెఫ్ గీ అనే భూస్వామి ఇక్కడ బానిసల శ్రమతో పత్తి సాగు మొదలుపెట్టాడు. 1845లో అప్పు కింద ఈ భూమి బంధువైన మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. అతను బానిసలుగా ఉన్న వందమందికి పైగా మనుషులను నార్త్ కరోలినా నుంచి ఇక్కడిదాకా నడిపించి తెచ్చాడు. ఈనాటికీ ఊళ్లో ఎక్కువ కుటుంబాల ఇంటిపేరు పెట్‌వేయే. యజమాని పేరు బానిసకు అంటగట్టిన ఆనవాయితీకి అది మిగిలిన గుర్తు. మ్యూజియం గోడమీద ‘పెట్‌వే’ అన్న పేరు చదివేటప్పుడు ఆ నడక కూడా గుర్తుండాలని నా అభిప్రాయం.

అంతర్యుద్ధం తరువాత బానిసత్వం చట్టరీత్యా పోయింది గాని, అదే భూమిలో అదే మనుషులు కౌలుదారులుగా మిగిలారు. విత్తనాలు, పనిముట్లు, తిండిగింజలు అన్నీ అరువు మీదే. 1932లో, పత్తి ధర పడిపోయి ఉన్న రోజుల్లో, వారికి అప్పులిచ్చిన కామ్‌డెన్ పట్టణపు షావుకారు చనిపోయాడు. బాకీల కింద అతని కుటుంబం తరఫు మనుషులు వచ్చి పశువులనూ, బండ్లనూ, పనిముట్లనూ, నిలవ ఉన్న గింజలనూ తోలుకుపోయారు. అరవైకి పైగా కుటుంబాలకు ఆ చలికాలం గడవడం గండమైంది, రెడ్‌క్రాస్ సాయంతో బయటపడ్డారు. 1937లో ఫెడరల్ ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు ఆర్థర్ రాత్‌స్టీన్ తీసిన ఫొటోల్లో దుంగల ఇళ్లు, చలి రాకుండా గోడలకు అతికించిన వార్తాపత్రికలు, బొంతల పనిలో ఉన్న స్త్రీలు కనిపిస్తారు.

ఆ తరువాత జరిగింది అమెరికా దక్షిణాదిలో అరుదైన సంగతి. ఆర్థిక మాంద్యం నాటి సహాయ పథకాల కింద ప్రభుత్వం ఆ భూమిని కొని, 1940లలో తక్కువ వడ్డీ రుణాలతో అక్కడి కుటుంబాలకే అమ్మింది. చుట్టుపక్కల జిల్లాల్లో నల్లజాతి కౌలుదారులు ఉత్తరాది నగరాలకు వలస పోతున్న కాలంలో, సొంత ఇల్లు, సొంత పొలం దొరికిన గీస్ బెండ్ కుటుంబాలు చాలావరకు ఊళ్లోనే నిలిచాయి. అమ్మమ్మ దగ్గర మనవరాలు కుట్టు నేర్చుకునే వరస అక్కడ తెగిపోకపోవడానికి నేను చెప్పగల మొదటి కారణం ఇదే. ఊరు ఒంటరిగా ఉండటం వల్లే ఈ కళ బతికిందని తరచుగా రాస్తుంటారు. ఒంటరితనం ఒక్కటే చాలదు, కాళ్ల కింద సొంత నేల కూడా ఉండాలి.

ఇక బొంత సంగతి. మన ఇళ్లలో పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టినట్టే, అక్కడ పాత పనిబట్టలు, పిండి సంచులు, చిరిగిన దుప్పట్లు చింపి ముక్కలు చేసేవారు. పైపొరకూ అడుగుపొరకూ నడుమ దూది వేయాలి. జిన్నింగు మిల్లు నేలమీద మిగిలిన పత్తిని ఊడ్చి తెచ్చి, మెత్తబడేదాకా కర్రలతో కొట్టి పరిచేవారు. పైపొరను అతికే పని ఒక్కో స్త్రీ తన ఇంట్లో, తన ఇష్టప్రకారం చేసుకునేది. మూడు పొరలనూ కలిపి కుట్టేటప్పుడు మాత్రం ఇరుగుపొరుగు వచ్చి చట్రం చుట్టూ కూర్చునేవారు. కూర్పు ఒకరిది, కుట్టు నలుగురిది అన్న ఈ విభజన వాళ్లకు మొదటినుంచీ తెలుసు. ఈనాటి హక్కుల గొడవలో ఈ తేడాను ఎక్కువమంది పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కూర్పుల్లో ఇంటికప్పు పేరుమీద పిలిచే ‘హౌస్‌టాప్’ అందరికీ ఇష్టమైనది. నడుమ ఒక చదరం పెట్టి, దాని చుట్టూ పట్టీ మీద పట్టీ పేర్చుకుంటూ పోవడం దాని పద్ధతి. నమూనా అందరిదీ ఒకటే. పట్టీ వెడల్పు ఎక్కడ మార్చాలి, గీతను ఎక్కడ వంచాలి, నీలం వరసలో హఠాత్తుగా ఎరుపు ఎక్కడ దించాలి అన్నది మాత్రం కుట్టేవారి నిర్ణయం. వసంతకాలంలో బొంతలను బయట తీగలమీద ఆరవేసేవారు. ఇంటింటికీ నడిచి ఎవరు ఏం కుట్టారో చూసి రావడమే ఆ ఊళ్లో ప్రదర్శన. మన భాషలో పొందిక లేని దాన్ని ‘అతుకుల బొంత’ అంటాం. ఈ బొంతల ముందు ఆ మాట నిలవదు.

ఒక బొంత సంగతి వివరంగా చెప్పాలి. మిజూరి పెట్‌వే భర్త జబ్బుతో చనిపోయాడు. ఆయన పొలంలో తొడుక్కున్న చొక్కాలనూ ప్యాంట్లనూ చింపి, ఆయన గుర్తుగా, కప్పుకుంటే ఆయన ప్రేమ తోడున్నట్టుగా ఉండాలని ఆమె 1942లో ఒక బొంత కుట్టింది. అప్పటికి టీనేజిలో ఉన్న కూతురు ఆర్లోన్జియా ఆ బట్టలు చింపడంలో సాయపడింది, ఏళ్ల తరువాత ఈ సంగతి లోకానికి చెప్పింది కూడా ఆమే. పనిబట్టల బొంతల్లో జేబు విప్పిన చోట గుడ్డ వెలవకుండా ముదురు నీలపు చదరం మిగిలి ఉంటుంది, మోకాలి దగ్గర నేత పలుచబడి ఉంటుంది. మనిషి వంగిన చోటు, కూర్చున్న చోటు గుడ్డలో తెలిసిపోతుంది. మిజూరి కుట్టిన ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

ఈ బొంతలు బజారుకు వెళ్లడం పౌరహక్కుల ఉద్యమంతో మొదలైంది. 1962లో, నల్లజాతివారు ఓటు నమోదు కోసం కదులుతున్న వేళ, నది దాటి కామ్‌డెన్ వెళ్లే బల్లకట్టును నిలిపివేశారు. ఎదురుగా కనిపించే జిల్లా కేంద్రానికి గంట సేపు రోడ్డుమీద చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. బల్లకట్టు మళ్లీ నడిచింది 2006లో. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ ఊరు వచ్చి మాట్లాడారు. ఓటు నమోదుకు వెళ్లినందుకు చుట్టుపక్కల కౌలు కుటుంబాలను భూస్వాములు ఖాళీ చేయించారు. ఆ పరిస్థితుల్లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ చర్చి పాస్టరు ఊళ్లు తిరిగి బొంతలు కొని న్యూయార్కులో వేలం వేయించారు. దాని నుంచి 1966 మార్చిలో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే మహిళా సహకార సంఘం పుట్టింది. ఎస్టెల్ విదర్‌స్పూన్ దానికి చాలాకాలం సారథి. సంఘం స్థలం కొని కుట్టుకేంద్రం కట్టుకుంది, ఇళ్లు పోయిన కుటుంబాలకు అందులోనే కొంత స్థలం అమ్మింది.

సంఘం స్త్రీల చేతికి సొంత కూలి డబ్బు తెచ్చింది, అది చిన్న విషయం కాదు. కాని బ్లూమింగ్‌డేల్స్ వంటి పెద్ద దుకాణాలకు ఒకే కొలత, ఒకే నమూనా, ఎన్ని కావాలంటే అన్ని అచ్చుగుద్దినట్టు కావాలి. ఇంట్లో ఇష్టం వచ్చినట్టు కూర్చిన చెయ్యి సంఘంలో లెక్క ప్రకారం కుట్టవలసి వచ్చింది. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ (గీతలు గీతలుగా ఉబ్బి ఉండే మందపు గుడ్డ) దిండు గలీబుల ఆర్డరు ఇచ్చింది. ఆ పనిలో మిగిలిన ముక్కలను స్త్రీలు ఇళ్లకు తీసుకుపోయి తమ బొంతల్లో వేసుకున్నారు. ఆర్డరు గలీబులు ఎటు పోయాయో ఎవరూ తలచరు, మిగులు ముక్కల బొంతలే మ్యూజియాలకు చేరాయి. సంఘం 2012లో మూతపడింది.

1990ల చివర అట్లాంటాకు చెందిన కళాసేకర్త విలియం ఆర్నెట్, కట్టెల మోపు మీద ఆరవేసిన ఒక బొంత ఫొటో చూసి, అది కుట్టిన ఆనీ మే యంగ్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. దూది పొగకు దోమలు పోతాయని అంతకు వారం ముందే ఆమె కొన్ని పాత బొంతలు కాల్చేసింది. ఆర్నెట్, ఆయన కుమారులు వందల బొంతలు కొన్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లోనూ, అదే ఏడాది న్యూయార్కు విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శన జరిగింది. పెద్ద విమర్శకులు వీటిని ఆధునిక చిత్రకళ పక్కన నిలబెట్టి చూశారు. ఆ పొగడ్తలో ఒక లోపం ఉంది. ఆధునిక చిత్రకారులను పోలి ఉందనడం వల్ల, ఆ స్త్రీల కూర్పుకు సొంత పాఠశాల, సొంత పోటీ, సొంత కొలమానం ఉన్నాయన్న సంగతి వెనక్కిపోయింది. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతలతో 39 సెంట్ల బిళ్లలు వేసింది.

ప్రదర్శనలతో పాటు తివాచీలు, కప్పులు, పుస్తకాలు, లైసెన్సు ఒప్పందాలు వచ్చాయి. అప్పుడే గొడవ మొదలైంది. తమ పని వాడుకుని వచ్చిన లాభంలో న్యాయమైన వాటా తమకు రాలేదంటూ 2007లో కొందరు మహిళలు దావాలు వేశారు. అవి తీర్పుదాకా పోకుండానే 2008లో ముగిశాయి. చిక్కు చట్టంలోనే ఉంది. హౌస్‌టాప్ వంటి సంప్రదాయ నమూనా ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒక మనిషి తనదైన కూర్పుతో మలిస్తే ఆ కూర్పుకు మాత్రం కాపీరైటు రక్షణ దొరకవచ్చు. మార్కెట్టుకు కావలసింది ఊరి పేరు, చట్టానికి కావలసింది మనిషి పేరు. ఆదివాసీ అమెరికన్ల చేతిపని పేరుతో నకిలీలు అమ్మకుండా 1990 నాటి ఫెడరల్ చట్టం ఉంది, గీస్ బెండ్‌కు అటువంటి రక్షణ లేదు. కనుక ఊరి పేరు చెప్పి అమ్మేవారు ఒప్పందం ఎవరితో చేసుకున్నారు, ఎన్నాళ్లకు, వాటాకా గుత్తకా అన్నదే అసలు విషయమవుతుంది. 2024లో తలెత్తిన అసంతృప్తి కూడా సరిగ్గా దీనిమీదే.

మార్పు లేదనలేము. 2003లో ఊరి మహిళలు సొంత సంఘం పెట్టుకున్నారు. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లొరెట్టా పెట్‌వేలకు జాతీయ వారసత్వ ఫెలోషిప్ వచ్చింది, ఊరికి కాక ముగ్గురు మనుషులకు పేరుపెట్టి ఇచ్చిన గౌరవం అది. 2021 నుంచి పలువురు ఎట్సీ అనే ఆన్‌లైన్ బజారులో తమతమ పేర్లతో అంగళ్లు తెరిచి, ధర తామే నిర్ణయించి అమ్ముతున్నారు. 2022 అక్టోబరులో పాత ఆరవేత అలవాటు ఊరి పండుగగా మళ్లీ మొదలైంది. ఇళ్ల ముందు తీగలమీద బొంతలు వేలాడుతుంటే, నడిచి చూస్తూ వచ్చినవారు కుట్టిన మనిషితోనే మాట్లాడి కొనుక్కుని పోవచ్చు.