చచ్చిన తాబేళ్లు ఒడ్డుకొస్తున్నాయంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

జనవరి వచ్చిందంటే తీరంలో మాకు రెండు పనులు. రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు వెతికి హేచరీకి, అంటే వాటిని కాపాడి పిల్లలు చేయించే చోటికి చేర్చడం, పొద్దున్నే ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలను రాసుకోవడం. రెండో పని చేస్తుంటే చుట్టూ జనం మూగుతారు. అప్పుడు వినపడే మాటలే ఇవి.

అపోహ: ప్లాస్టిక్ తినో, ఫ్యాక్టరీ నీళ్ల వల్లో చనిపోయింది.
ప్లాస్టిక్ సమస్య కాదని అనను. కానీ గుడ్లు పెట్టే సీజన్‌లో, ఒంటిమీద గాయం లేని పెద్ద తాబేళ్లు వరసగా కొట్టుకొస్తుంటే మొదట అనుమానించాల్సింది ట్రాల్ వలని. తాబేలుకు మొప్పలుండవు, ఊపిరితిత్తులే. గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. సముద్రం అడుగున గంటల తరబడి లాగే వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. అవి తీరానికి దగ్గరగా చేరే నెలల్లోనే బోట్లూ రొయ్యల కోసం అక్కడికే వస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో మరబోట్లు తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదు. రూలైతే అదీ.

అపోహ: ఏటా వేట నిషేధం ఉందిగా, ఇంకేం?
తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

అపోహ: వలలో వచ్చిన తాబేలు కదలకపోతే చచ్చినట్టే.
బోటు మీద ఉండేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇది. నీళ్లలో ఊపిరాడని తాబేలు స్పృహ తప్పి, చచ్చినదానిలాగే పడి ఉంటుంది. ఆ స్థితిలో సముద్రంలోకి తోసేస్తే మునిగి నిజంగానే చనిపోతుంది. దాన్ని వెల్లకిలా పెట్టకండి. పొట్ట కిందికి ఉండేలా డెక్ మీద ఉంచి, వెనక భాగాన్ని జానెడు ఎత్తు లేపి ఏదైనా ఆనించండి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కారిపోతుంది. తడి గోనె కప్పి నీడన ఉంచండి, ముక్కురంధ్రాలు మాత్రం మూయొద్దు. తేరుకోవడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజంతా. కదలిక వచ్చాక ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేనివైపు మెల్లగా దించండి.

అపోహ: టెడ్ బిగిస్తే రొయ్యలన్నీ బయటికి పోతాయి.
టెడ్ అంటే వల సంచికి ముందు ఏటవాలుగా బిగించే కమ్మీల చట్రం. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపు లాంటి కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ మన బోట్లకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది. వాళ్ల పరీక్షల్లో రొయ్యల నష్టం ఒక శాతంలోపే. చేపలు మాత్రం ఇంకాస్త ఎక్కువ పోతాయి, అది దాచాల్సిన పని లేదు. మరోవైపు లెక్క కూడా చూడాలి: తాబేళ్ల రక్షణ సరిగా లేదని అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యలు కొనడం లేదు. వెళ్తున్నవి చెరువు రొయ్యలే.

అపోహ: మత్స్యకారులే తాబేళ్ల శత్రువులు.
ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్న పడవలవాళ్లలో చాలామందికి తాబేలు కూర్మావతారం. కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మం తీరం ఇది. వలలో పడితే వల కోసైనా సరే వదిలేసి దణ్ణం పెట్టుకునేవాళ్లున్నారు. మరబోట్లు ఒడ్డు దగ్గరికొస్తే తెగేది వాళ్ల వలలే. ఆ 8 కిలోమీటర్ల రూలు అమలు కావాలని మాకంటే గట్టిగా అడిగేది వాళ్లే.

అపోహ: గుడ్లు పెట్టేటప్పుడు నొప్పికి ఏడుస్తుంది.
అది ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పు కళ్ల దగ్గరి గ్రంథుల నుంచి అలా కారుతుంది.

అపోహ: హేచరీలో పిల్లల్ని వదిలేస్తే చాలు, జాతి బతికిపోతుంది.
మా పనిని నేనే తక్కువ చేసుకుంటున్నాననుకోకండి. కుక్కలు, నక్కల నుంచి గుడ్లు కాపాడాల్సిందే. ఒక గూట్లో సుమారు వంద గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. కానీ వాటిలో పెద్దయ్యేవి అతి కొద్ది. గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లు దాటుతుంది. అందుకే ట్రాల్ వలలో పోయే ఒక్క తల్లి లోటును బుట్టెడు పిల్లలు తీర్చలేవు. ఫొటోలు మాత్రం పిల్లలకే తీస్తారు.

బీచ్‌లో గూడు కనిపిస్తే మీరు తవ్వొద్దు. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డును తిరగేస్తే లోపలి పిండం చనిపోతుంది. పైగా ఇది వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే షెడ్యూల్-1 జీవి, గుడ్లు తీయడం నేరం. కుక్కలు రాకుండా చూసుకుంటూ అటవీశాఖకు ఫోన్ చేయండి, టార్చి ఆపేయండి.