అర్ధరాత్రి గోడలో నీళ్లు

డిసెంబరులో ఒడిశా కొండల్లోని మా కోరాపుట్ తొమ్మిదింటికే సద్దుమణుగుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు మాది. రగ్గులోంచి చెయ్యి బయట పెట్టాలన్నా బద్ధకమే. అలాంటి రాత్రి ఒకటిన్నరకి మా అమ్మ తలుపు కొట్టింది. "ఒరే, గోడలో నీళ్లు పోతున్నాయిరా. ఎవరో కుళాయి వదిలేశారు."

ఇల్లంతా తిరిగాను. ఏ కుళాయీ కారడం లేదు. కానీ ఆవిడ మంచం పక్క గోడకి చెవి ఆనిస్తే నిజమే, సన్నగా సర్‌ర్‌ర్ అంటోంది.

ఇలాంటప్పుడు చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ గోడ పగలగొట్టేస్తాం. అదే పొరపాటు. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతే, నీళ్లలో దాదాపు 1480 మీటర్లు పోతుంది. పైపులో నిండుగా నీళ్లున్నప్పుడు ఆ చప్పుడు పైపు పట్టుకుని దూరం పోతుంది. పైపు ఎక్కడ గోడకి బిగిసి ఉంటే అక్కడ గోడే తబలాలా మోగుతుంది. అంటే అమ్మ మంచం దగ్గర వినిపించేది అక్కడ పుట్టిన చప్పుడే కానక్కర్లేదు.

అసలు నీళ్లు ఎందుకు చప్పుడు చేస్తాయి? 1883లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ అనే ఇంజనీరు గాజు గొట్టంలో పారే నీళ్లలోకి సన్నటి రంగు ధార వదిలి చూశాడు. నెమ్మదిగా పారినంతసేపు రంగు దారంలా తిన్నగా సాగింది. వేగం పెరిగాక ఒక్కసారిగా చిక్కుపడి సుడులు తిరిగింది. చప్పుడు ముఖ్యంగా ఆ సుడుల నుంచే వస్తుంది. వెడల్పు పైపులో మెల్లగా పోయే నీళ్లు దాదాపు మూగవి. అవే సగం మూసిన వాల్వు సందులోంచి దూరేటప్పుడు బుస కొడతాయి. కాబట్టి సర్‌ర్‌ర్ అని వినిపిస్తే ఎక్కడో ఇరుకు ఉందని అర్థం. గుడగుడ అంటే పైపులో గాలి చేరింది. గీజర్ వేసినప్పుడు చిటపటలాడితే హీటర్ రాడ్ మీద సున్నం పొర కట్టి, దాని కింద ఆవిరి బుడగలు పుట్టి పగులుతున్నాయి. గీజర్ సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడితే మాత్రం వెంటనే కంగారు పడక్కర్లేదు. 20 డిగ్రీల నీళ్లు 70కి కాగితే సుమారు 2 శాతం ఉబ్బుతాయి. 25 లీటర్ల గీజర్లో అది అర లీటరు. వెనక్కి పోయే దారి లేకపోతే అది అలాగే బయటపడాలి.

మాది గీజర్ కాదు, డాబా మీద సోలార్ ట్యాంకు. అందుకే నాకు మొదట తట్టింది వేడి నీళ్ల పైపు ఎక్కడో చిల్లు పడిందని. పెద్ద స్క్రూడ్రైవర్ మొన పైపుకి, పిడి చెవికి ఆనించి విన్నాను. డాక్టరు స్టెతస్కోపు లాంటిదే. బాత్రూమ్‌లో వేన్నీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి, అదే మిక్సర్, దాని దగ్గర చెవి జివ్వుమంది. కానీ నా అనుమానాన్ని తిప్పింది చెవి కాదు, చెయ్యి. వేడి పైపు కారుతుంటే ట్యాంకులోంచి వేడి నీళ్లు దిగుతూ ఉండాలి, పైపు వెచ్చగా ఉండాలి. పట్టుకుంటే మంచులా ఉంది. వేడి నీళ్ల పైపులో చన్నీళ్లు పారుతున్నాయి!

అప్పుడు రెండు సంగతులు గుర్తొచ్చాయి. వారం రోజులుగా పొద్దున్న స్నానానికి నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి, మబ్బు పట్టిందేమో అనుకున్నాం. ప్రెషర్ పంపు కూడా రాత్రిళ్లు దానంతట అదే ఆన్ అవుతోంది. టార్చి పట్టుకుని డాబా ఎక్కాను. సోలార్ ట్యాంకు గాలి గొట్టం నుంచి నీళ్లు ధారగా కారి వాన పైపులోకి పోతున్నాయి.

జరిగింది ఇది. గొట్టంతో చేత్తో పట్టుకునే టెలిఫోన్ షవర్‌కి చేతి దగ్గరే బటన్ ఉంటుంది. స్నానమయ్యాక మావాడు ఆ బటన్‌తోనే నీళ్లు ఆపేసి, మిక్సర్ రెండు చక్రాలూ కొంచెం తెరిచే వదిలేస్తున్నాడు. బయటికి చుక్క రాదు కానీ, మిక్సర్ లోపల చన్నీళ్ల పైపూ వేన్నీళ్ల పైపూ కలిసిపోతాయి. 10 మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరుకి 1 కేజీ ఒత్తిడి అనుకుంటే, మూడు మీటర్ల పైనున్న సోలార్ ట్యాంకు ఇచ్చేది 0.3 కేజీలే. పంపు ఉన్నది చన్నీళ్ల వైపు మాత్రమే, దాని తోపు అంతకు ఎన్నో రెట్లు. ఇక చన్నీళ్లు వేడి పైపులో ఎదురెక్కి, కాగిన నీళ్లని చల్లార్చి, మిగిలినవి గాలి గొట్టంలోంచి బయటపడ్డాయి. చక్రాలు రెండూ బిగించగానే గోడ నోరు మూసింది.

"అంతేనా?" అంది అమ్మ. ఇంకా పెద్దదేదో ఉంటుందనుకున్నట్టుంది.

మావాడు మళ్లీ మర్చిపోతాడని తెలుసు. అందుకే మర్నాడు ప్లంబర్‌ని పిలిచి, వేడి పైపుకి నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వు పెట్టించాను. స్ప్రింగు రకం వద్దన్నాను. ఆ కొద్దిపాటి ఒత్తిడికి స్ప్రింగు సరిగా తెరుచుకోకపోతే వేడి నీళ్లు సన్నగా వస్తాయి. రేకు తలుపులా ఊగే రకం బిగించాడు. ఆ వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ట్యాంకు నుంచి కుళాయి వైపు చూడాలి. మొదటిసారి అతను తిరగేసి బిగించాడు. మధ్యాహ్నం దాకా వేడి నీళ్లే రాలేదు.