సీతమ్మ పొయ్యి నుంచి బడి భోజనం దాకా

పేదలకు ప్రభుత్వమే అన్నం పెట్టడం మొదలుపెడితే దాతలు చెయ్యి వెనక్కి తీసుకుంటారా అని ఆర్థికవేత్తలు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. 1930ల మాంద్యంలో అమెరికా ప్రభుత్వం సహాయ కార్యక్రమాలు చేపట్టాక, అక్కడి చర్చిలు దానధర్మాలకు పెట్టే ఖర్చు సుమారు 30 శాతం తగ్గిందని ఒక అధ్యయనం తేల్చింది. తెలుగునాట అన్నం విషయంలో కథ వేరుగా నడిచింది.

గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ వేళ పడవ దిగి వచ్చిన బాటసారికైనా విస్తరి వేసి వడ్డించిన రోజుల్లో, సర్కారు సాయమంటే కరువు వచ్చినప్పుడు పెట్టే పనులూ గంజి కేంద్రాలే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అంతటితో అన్నదానం సన్నగిల్లలేదు సరికదా, ఆయన హయాంలోనే 1985లో తిరుమలలో నిత్యాన్నదానం ఆరంభమై, భక్తుల విరాళాలను బ్యాంకులో వేసి వాటి వడ్డీతో వండి వడ్డించే పద్ధతి స్థిరపడింది. రేషన్ బియ్యం ఇంటి పొయ్యికి, ఆ విస్తరి యాత్రికుడికి. ఒకదానికొకటి అడ్డు రాలేదు. పైగా దాత తన విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందితే, ఆ విరాళంలో ఖజానా వదులుకున్న సొమ్ము కూడా కొంత కలిసినట్టే.

బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించడంతో అది పిల్లల హక్కయింది. 2018లో మొదలై మరుసటి ఏడాది మూతపడిన ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాక, వాటికి ప్రభుత్వమే విరాళాలు స్వీకరిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి సీతమ్మ పేరు పెట్టిందీ ఆ ఏడాదే.

క్యాంటీన్‌కు దాతలు రావడం మంచిదే. బడి భోజనం మాత్రం బడ్జెట్ మీదే నడవాలి. విరాళం దాతకు కలిసొచ్చినప్పుడు వస్తుంది, పిల్లవాడికి ఆకలి రోజూ వేస్తుంది. ఆ బడ్జెట్ సొమ్మయినా వేళకు అందాలి. బిల్లులు నెలల తరబడి ఆగినప్పుడు వంట చేసే మహిళలు కిరాణా కొట్టులో పప్పూ నూనే అప్పు పెట్టి తెచ్చి పొయ్యి వెలిగిస్తున్నారు. ఆ అప్పు ఏ దాతల పట్టికలోనూ కనిపించదు.