ఫిట్స్ మందే ఫిట్స్‌ను పెంచితే: సోడియం ఛానెళ్ల వెనక ఉన్న చరిత్ర

ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఎందరికో ఫిట్స్ తగ్గించిన మందులు. కానీ డ్రావే సిండ్రోమ్ (జన్యులోపం వల్ల ఏడాది లోపే మొదలయ్యే తీవ్రమైన ఫిట్స్ జబ్బు) ఉన్న పసిపిల్లలకు ఇవే మందులు ఫిట్స్‌ను పెంచగలవు. దీని వెనక చాలా పెద్ద కథే ఉంది.

1938లో అమెరికాలోని బోస్టన్‌లో మెరిట్, పుట్నమ్ అనే డాక్టర్లు పిల్లులకు కరెంటు షాక్ ఇస్తూ, ఏ మందు వేస్తే ఫిట్స్ రావడం లేదో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే తేలిన మందు ఫెనిటాయిన్. ఎలా పనిచేస్తుందో వాళ్లకూ తెలియదు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద చేసిన ప్రయోగాలతో అసలు సంగతి బయటపడింది: సోడియం అయాన్లు ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తేనే నరంలో సిగ్నల్ పుడుతుంది. ఆ అయాన్లు వచ్చే దారులే సోడియం ఛానెళ్లు. తెరుచుకున్న ఛానెల్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో మూసుకుపోవాలి, లేదంటే కణం ఆగకుండా సిగ్నళ్లు పంపుతూనే ఉంటుంది. ఫెనిటాయిన్ అలా మూసుకున్న ఛానెల్‌ను త్వరగా మళ్లీ సిద్ధం కానివ్వదు, అందుకే మామూలు కణాల కంటే అతిగా రెచ్చిపోయిన కణాల మీద దాని ప్రభావం ఎక్కువ.

అంటే ఛానెళ్లు తగ్గితే ఫిట్స్ కూడా తగ్గాలి కదా? అక్కడే లెక్క తప్పింది.

ఏడాది లోపు పిల్లలకు జ్వరంతో పాటు మొదలై, ఎంతకీ ఆగని ఫిట్స్ గురించి 1978లో ఫ్రాన్స్ డాక్టర్ షార్లెట్ డ్రావే రాశారు. ఆ జబ్బుకు ఆమె పేరే వచ్చింది. 2001లో బెల్జియం పరిశోధకులు అలాంటి ఏడుగురు పిల్లల్ని పరీక్షిస్తే, ఏడుగురికీ ఎస్‌సీఎన్1ఏ అనే సోడియం ఛానెల్ జన్యువులోనే లోపం కనిపించింది, అదీ తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా వచ్చింది. చాలా కేసుల్లో ఆ లోపం ఛానెల్‌ను పనికిరాకుండా చేసేదే. మరి ఫిట్స్ ఎందుకు? 2006లో అమెరికాలోని సియాటిల్‌లో కాటరాల్ అనే శాస్త్రవేత్త బృందం అదే లోపం ఉన్న ఎలుకల్లో దీనికి జవాబు వెతికింది. సోడియం కరెంటు బాగా పడిపోయింది మెదడును అదుపులో ఉంచే నిరోధక కణాల్లో, ఉత్తేజపరిచే కణాల్లో కాదు. బ్రేకులే ఫెయిలయ్యాయన్నమాట. ఉన్న కాస్త బ్రేకునూ ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి సోడియం ఛానెల్ మందు ఇంకా బలహీనం చేస్తుంది.

అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఇంకో ఫలితం నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపిస్తుంది. టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఇదే జన్యులోపం ఉంది. బిడ్డకు టీకా వేయించి తప్పు చేశామా అని ఏళ్ల తరబడి కుమిలిపోయిన తల్లిదండ్రులకు ఆ రిపోర్టు ఎంత పెద్ద ఊరటో!

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎస్‌సీఎన్2ఏ, ఎస్‌సీఎన్8ఏ జన్యువుల్లో లోపం వల్ల ఛానెల్ అతిగా పనిచేసే పిల్లలకు ఫెనిటాయిన్ లాంటి మందులే బాగా పనిచేస్తుంటాయి. కాబట్టి ఏడాది లోపు బిడ్డకు జ్వరంతో చాలాసేపు, అందులోనూ ఒకవైపే ఫిట్స్ మళ్లీ మళ్లీ వస్తుంటే, స్కాన్ నార్మల్ అని వచ్చినా సరే, జన్యు పరీక్ష గురించి పిల్లల న్యూరాలజిస్టును అడగండి. వాడుతున్న మందును మాత్రం సొంతంగా ఆపేయొద్దు, ఉన్నట్టుండి ఆపినా ఫిట్స్ ముంచుకొస్తాయి.